నూనె గిన్నెలో ఎర్ర దుమ్ము

మొన్న మా అల్లుడు తన చిన్న కారుకు కొత్త ఎయిర్ ఫిల్టరు వేయించుకుంటానని, ఫోనులో తళతళలాడే బొమ్మలు రెండు మూడు చూపించి, మామయ్యా మీరైతే ఏది తీసుకుంటారని సరదాకి అడిగాడు గానీ, నాకు మాత్రం అది సరదా ప్రశ్న కాదు. ఆ ఎంపికలో ఒకసారి ఘోరంగా తప్పు చేసినవాణ్ణి నేను.

ఎనభైల మొదట్లో మాట. వన్ టౌన్‌లో మా ఇల్లు రేవుకి ఎంత దగ్గరంటే, పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎర్ర దుమ్ము పట్టి కావి పంచె అయ్యేది, నీళ్ల బిందె మూతికి తడిగుడ్డ కట్టందే మా అమ్మ వీధి తలుపు తీసేది కాదు. నాన్న ఇరవై ఏళ్లు ఆ రేవులోనే ఓడలకు ఇనుప ఖనిజం ఎక్కించి, చివరికి నాలుగడుగులేస్తే ఆయాసంతో కూలబడే స్థితికి వచ్చారు. వారం వారం ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, బస్సులో ఆయన నిలబడలేరు, అందుకని తాహతుకు మించి ఒక పాత చిన్న కారు కొన్నాను. కొన్నాను గానీ, దారి మధ్యలో అది ఆగిపోతే నాన్న గతేమిటన్న దిగులు నన్ను వదల్లేదు.

దాని ఫిల్టరు డబ్బా తుప్పుపట్టి చిల్లులు పడింది. వన్ టౌన్ సందులో షెడ్డు పెట్టుకున్న ముసలి మెకానిక్ భాయ్, నూనె గిన్నె ఉన్న ఫిల్టరు వేయించుకోమన్నాడు. గాలి ముందు ఆ నూనెను తాకి, దుమ్మంతా అక్కడే వదిలి, అప్పుడు ఇంజనులోకి పోతుందట, కాకపోతే బండి జోరు కాస్త తగ్గుతుందట. కార్లంటే చెవి కోసుకునే మా అక్క మొగుడు మాత్రం ఉత్త తీగ వల ఉన్న గొట్టం ఒకటి సంపాదించుకొచ్చి, "ఏటి బామ్మర్దీ, ఇంత ఆలోసిత్తన్నావ్? గాలెంత తాగితే బండంత లాగుతాది" అన్నాడు. జోరు తగ్గితే ఆసుపత్రి ముందున్న ఎత్తు ఎక్కలేదేమోనని మూడు రోజులు మథనపడి, భయం కొద్దీ బావ మాటే విన్నాను.

మూడు వారాలు పులిలా పరిగెత్తిన కారు నాలుగో వారం సరిగ్గా ఆ ఎత్తు మీదే దగ్గి, కుదిపి, ఆగిపోయింది. వెనక బస్సులు హారన్లు కొడుతుంటే నేను బానెట్ ఎత్తి, ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. నాన్న, రేవు పనిలో ముక్కుకి కట్టుకున్న ఆ పాత తువ్వాలే అడ్డం పెట్టుకుని, నా భుజం పట్టుకుని, రెండుసార్లు రోడ్డు పక్కన కూర్చుని లేచి, నల్లబడ్డ పెదవులతో ఆ ఎత్తు ఎక్కారు. నన్ను నేను ఆనాడు తిట్టుకున్నంతగా మరెప్పుడూ తిట్టుకోలేదు.

కార్బురేటరులో పేరుకున్న ఎర్ర బురద కడిగి, భాయ్ నూనె గిన్నె బిగించాడు. నెల తిరిగాక మా ఇంటి ముందే ఆ గిన్నె విప్పితే, అడుగున రెండు వేళ్ల మందాన ఎర్రటి ముద్ద. అరుగు మీద కూర్చున్న నాన్న వంగి, దాన్ని వేలితో తీసి, బొటనవేలితో నలిపి చాలాసేపు చూశారు.

"దీనికి గిన్నెట్టినావు సరే, మాకెవలెట్టినార్రా?" అని నవ్వబోయారు, ఆ నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది.

ఇంజను ఏం పీలుస్తుందోనని మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్న నేను, ఇరవై ఏళ్లు అదే దుమ్ము పీల్చిన మనిషికి ఒక తువ్వాలు చాలనుకున్నాను. ఆ రోజుల్లో అందరం అలాగే అనుకున్నాం. ఇప్పుడు మా అమ్మాయి పడకగదిలో కూడా గాలిని వడగట్టే యంత్రం ఒకటి చిన్నగా గురగురలాడుతూ ఉంటుంది, దాని పక్కన కూర్చుంటే నాకెందుకో ఊపిరాడదు.

అల్లుడికి మాత్రం, జోరు సంగతి తర్వాత, దుమ్ము ఆపేదే తీసుకో నాయనా అని చెప్పాను. నాన్న పోయాక కూడా ఆ కారు పదేళ్లు నడిచింది, ఇంజను ఒక్కసారి దగ్గలేదు.