మా బావగారి రేకుల కొట్టం

మొన్న ఓర్వకల్లు దాటాక ఒక ఆటో మా మనవడి కారును పక్కనుంచి గుద్దింది. మనుషులకేమీ కాలేదు గానీ డోరు లోపలికి సొట్టపోయింది. షెడ్డువాళ్లు ఫోనులోనే, బాగుచేయడం కంటే డోరు మొత్తం మార్చడమే సులువన్నారట. వాడు మాట్లాడుతున్నంతసేపూ నేను ఎండకు కాగిన ఆ సొట్ట మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. "ఏందవ్వా, చెయ్యి కాలడంల్యా?" అన్నాడు. కాలుతూనే ఉంది. తీయబుద్ధి కాలేదు.

నేను కోడలిగా వచ్చేసరికి కర్నూలు కొత్తగా రాజధాని అయింది. సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచేవి. ఎద్దులబండ్ల నడుమ దూరలేక మోటారుకార్లు గోడలను, ఒకదాన్నొకటి, అప్పుడప్పుడు ఎద్దులను కూడా రాసుకునేవి. ఆ రద్దీ మా బావగారికి చేతినిండా పని తెచ్చింది. బావగారంటే మా ఆయన అన్నగారు; కార్ల సొట్టలు తీసేవారు. ఇంటిని ఆనుకునే రేకుల కొట్టం. దానికీ వంటింటికీ మధ్య ఒక మట్టిగోడ. రేకు వెనక ఇనుప దిమ్మె పట్టి, ముందునుంచి సుత్తితో చిన్నగా, ఓపిగ్గా కొట్టేవారు. నడుమ నడుమ ఆపి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవారు. పొద్దున టీ తాగింది మొదలు దీపాలు పెట్టేదాకా అదే చప్పుడు. కొత్తలో నాకు తలనొప్పి వచ్చేది. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు, ఆ చప్పుడును మించి గొంతు పెంచి కీర్తనలు పాడుకుంటూ రొట్టెలు తట్టేది. ఆదివారం చర్చిలో ఆమె గొంతు అందరికంటే గట్టిగా లేవడానికి కారణం భక్తి ఒక్కటే కాదని మా ఆయన నవ్వేవాడు.

బావగారికి వినికిడి తగ్గడం మొదట మాకు వేడుకే. "చారులో ఉప్పు సరిపోయిందా?" అని అక్క అడిగితే, "బస్సు ఎప్పుడో పాయెనే" అనేవారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఎన్నో ఏళ్ల ఎదురుచూపు తర్వాత ఆమెకు కడుపు పండిన రోజులవి. ఆ ఇంట్లో దేనికైనా నవ్వు వచ్చేది.

అంతలో రాజధాని హైదరాబాదుకు పోతోందన్నారు. పోయేలోగా బండ్లు బాగుచేయించుకోవాలని డ్రైవర్లు కొట్టం ముందు బారులు తీరారు. ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఉతకడానికి తుంగభద్రకు పోయి తిరిగి వచ్చేసరికి కొట్టంలో సుత్తి ఆడుతూనే ఉంది. వంటింటి గడప దగ్గర అక్క పడి ఉంది. నీళ్లబిందె దొర్లిపోయింది. చీర నెత్తుట్లో తడిసిపోయింది. నేను కొట్టంలోకి పరుగెత్తి బావగారి భుజం పట్టుకుని లాగాను. అంతకుముందు ఆయన ఎదుట తలెత్తి మాట్లాడి ఎరగను.

జట్కాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. అక్క దక్కింది. మగబిడ్డ దక్కలేదు. మర్నాడు ఆమె కళ్లు తెరిచి, మంచం పక్కనున్న బావగారితో ఏదో అంది. ఆయన వంగి చెవి దగ్గర పెట్టినా అందలేదు. నావైపు చూశారు. ఆ మాట చెప్పడం నా వంతయింది. మెల్లగా చెబితే వినపడలేదు. చివరికి వార్డంతా తిరిగి చూసేలా ఆయన చెవిలో అరిచాను. "సుత్తి నిలిపినప్పుడల్లా పిలిచిందంట బావా! అప్పుడన్నా ఇనపడల్యా అని అడుగుతాంది!"

"అందరూ మెల్లగా మాట్లాడ్తాండారు అనుకుంటి," అన్నారాయన. "నా చెవులే పోయినాయనుకోల్యా." అక్క చెయ్యి చాపి ఆయన వేళ్లు పట్టుకుంది. వాళ్లిద్దరూ ఏడవలేదు. నేనే వరండాలోకి వచ్చి ఏడ్చాను.

ఇల్లు చేరాక బావగారు పట్టిన మొదటి పని ఆ మట్టిగోడ కూలగొట్టడం. ఎవరినీ చెయ్యి వేయనీయలేదు. ఆ తర్వాత పొయ్యి ముందు కూర్చున్నా అక్క ఆయనకు కనబడేది. నాలుగు దెబ్బలు కొట్టడం, తలెత్తి చూడడం. కార్లకు వేసే రంగువాసన కూరల్లోకి వచ్చినా ఆమె మళ్లీ గోడ పెట్టించమనలేదు. ఇంట్లో పాడడం మాత్రం మానేసింది. పాడమని నేను బతిమాలితే, "ఎవురు ఇనాలని పాడేది?" అనేది.

రాజధానితో పాటే కార్లు పోయాయి, లారీలు వచ్చాయి. వాళ్లకు మళ్లీ పిల్లలు కలగలేదు. ముందు ఆయన, తర్వాత ఆమె వెళ్లిపోయారు. ఆ పిల్లవాడు బతికుంటే ఈ పాటికి మనవలను ఎత్తుకుని తిరిగే ముసలివాడు. నాకు ఇంత కాలం దొరికింది; వాడికి ఒక్క పూటన్నా దొరకలేదు.