వీరస్వామి రాసిన అవ్వ

దర్శకుడు సుందరరావు సినిమాల్లోకి రాకముందు నట్టల మందు అమ్మేవాడు. మెడికల్ రిప్రజెంటేటివ్ అన్నమాట. డాక్టరుగారిచ్చే రెండు నిమిషాల్లో మందు గొప్పతనం, తన కష్టసుఖాలు, కంపెనీ క్యాలెండరు అన్నీ ముగించి బయటపడటం అలవాటైంది కాబట్టి నిర్మాతలకు కథ చెప్పటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నిర్మాత చంద్రయ్యది గోల్నాక. బోరు లారీలు తిప్పేవాడు. బోరు వేసేవాడు సినిమా తీస్తే ఎలా ఉంటుందని అప్పట్లో అందరూ వేసిన జోకు నేను మళ్లీ వేయను. కెమెరామన్ అంతకుముందు ఓటరు గుర్తింపు కార్డులకు ఫొటోలు తీసిన మనిషి. మన కార్డుల్లో మనమంతా జేబుదొంగల్లా ఎందుకున్నామో ఆయన్ను చూశాక అర్థమైంది. హీరో ఒక పెద్ద హీరోకు తమ్ముడు. అదీ ఒక ఉద్యోగమే, కాకపోతే రిటైర్మెంటు లేదు.

వీళ్లంతా కలిసి 1996లో ఒక కుటుంబ హాస్య చిత్రం తీశారు. దానికి మాటలు రాసిన వీరస్వామి మా యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో ల్యాబ్ అటెండర్. నేను చెప్పబోయేది అతని సంగతి. నేను అదే విభాగంలో అప్పటికి ఏడో ఏడు పరిశోధన చేస్తున్నాను. ఆ ఏడేళ్లలో నేను కనిపెట్టింది ఏదైనా ఉంటే అది వీరస్వామే.

కప్పలకు మత్తిచ్చి ట్రేలలో పడుకోబెట్టి, పిల్లలు కోసి పారేశాక ట్రేలు కడగటం అతని పని. నోరు మాత్రం ఆ పనితో సంబంధం లేకుండా నడిచేది. హెడ్డుగారు దగ్గి దగ్గి సెలవు మంజూరు చేయకపోవటం, పరీక్షల విభాగం గుమస్తా ఎదుటి మనిషిని చూడకుండానే 'రేపు' అనటం, ఇవన్నీ చేసి చూపిస్తుంటే అమ్మాయిలు కత్తెర్లు కింద పెట్టి నవ్వేవాళ్లు. హాస్టల్ డే నాటికలన్నీ అతనివే. వాటిని రికార్డు బుక్కుల్లో రాసేవాడు. కుడివైపు గీతల పేజీలో మాటలు, ఎడమవైపు బొమ్మ వేయాల్సిన తెల్ల పేజీలో ఎవరు ఎక్కడ నిలబడాలో గుర్తులు.

అతని సరుకంతా ఇంట్లోదే. తల్లి లింగమ్మ క్యాంపస్ తోటల్లో గడ్డి కోసి, మొక్కలకు నీళ్లు పట్టి కొడుకును ఇంటర్ దాకా లాక్కొచ్చింది. తండ్రి పోచయ్య ఎప్పుడో పోయాడు. ఉన్నప్పుడూ పెద్దగా మాట్లాడింది లేదట, మాట్లాడే వంతు రాలేదని వీరస్వామి అనేవాడు. బౌద్ధనగర్‌లో వాళ్ల ఒంటిగదికి నేను ఎప్పుడు వెళ్లినా లింగమ్మ ఒక చేత్తో పళ్లెం పెట్టి, ఇంకో చేత్తో కొడుకును ఉతికేది.

"వీన్ని కన్ననాడు ఒకటే వాన బిడ్డా. గప్పుడే అనుకున్న, వీనితోటి నాకు బురదనే అని."

"అవ్వా, సారు ముంగట పరువు తీయకే."

"ఉంటెగద తీస్త?"

ఈ మాటలు మరుసటి వారానికి నాటికలో ఉండేవి. హాస్టల్ పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు.

సుందరరావు యూనిట్ ఏదో కాలేజీ సీను కోసం మా ల్యాబుకు వచ్చింది. హీరో కప్పను పట్టుకుని హీరోయిన్‌కు చూపించాలి. కప్ప ఒక్కసారి కాలు జాడించింది. హీరో వెల్లకిలా పడ్డాడు. అందరూ సోడా, విసనకర్ర అని పరుగులు పెడుతుంటే వీరస్వామి కప్పను అరచేతిలో పెట్టుకుని, "భయపడకున్రి సార్, ఇది గూడ మిమ్ముల జూసి గట్లనే అయింది" అన్నాడు.

సుందరరావు పగలబడి నవ్వాడు. నవ్వించేవాణ్ని చూస్తే వదలని మనిషి. ఆ సాయంత్రమే వీరస్వామిని తార్నాకలోని తన ఆఫీసుకు పిలిపించి, "ఫ్యామిలీ కామెడీ ఏమైనా ఉందాండీ మీ దగ్గర?" అని అడిగాడు.

"మా ఇల్లే గది సార్. ఒక అవ్వ, ఒక కొడుకు. కొడుకుకు పెండ్లి గావాలె, వచ్చిన సంబంధం వచ్చినట్టు అవ్వ నోటికి భయపడి వాపస్ పోతది. నోరు మెదపని బాపు ఒకడు మూలకు కూసోని ఉంటడు. అవ్వ నడుమ ఉంటది, కథ ఆమె సుట్టు తిరుగుతది."

"అవ్వే సెంటరా!" సుందరరావు కుర్చీలోంచి లేచాడు. "ఎవరూ చేయలేదండీ ఇది. రాసేయండి."

రెండు నెలలు రాశాడు. మూడు రికార్డు బుక్కులు నిండాయి. నేను చదివాను. అందులో పంచ్ డైలాగు అంటూ ఒక్కటీ లేదు, ఉన్నదంతా లింగమ్మే. చదువుతున్నంతసేపూ నవ్వి, చివర కొడుకు ఇల్లు వదిలిపోయే చోట ఏడ్చాను. ఇది పొగడ్త కాదు, నేను ఏడవటం ఎంత కష్టమో మా గైడును అడగండి.

పుస్తకాలు ఇచ్చి వచ్చిన రోజు వీరస్వామి తల్లికి ఒక మాట ఇచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "అవ్వా, సినిమాల మన లెక్క మాట్లాడేటోడు ఎవడుంటడు? రౌడీ, తాగుబోతు, అంట్లు తోమే మనిషి. గీ సినిమాల హీరో తల్లి మాట్లాడ్తది. అచ్చం నీ లెక్క."

లింగమ్మ నమ్మలేదు. "హీరోను కన్న తల్లా? గిట్ల మాట్లాడ్తదా? ఒట్టు బెట్టు."

ఒట్టు పెట్టాడు. ఇంకేముంది, మర్నాటికి బౌద్ధనగర్ గల్లీ అంతా తెలిసిపోయింది. తోటపని ఆడవాళ్లందరూ లింగమ్మను 'హీరో తల్లి' అని పిలవటం మొదలుపెట్టారు. ఆమె పైకి తిట్టేది కానీ పిలిస్తే పలికేది.

షూటింగ్ తార్నాకలో అద్దెకు తీసుకున్న ఒక మేడలో మొదలైంది. మొదటిరోజు ల్యాబుకు సెలవు పెట్టి వీరస్వామి, ఏ సెలవూ అక్కర్లేని నేను, ఇద్దరం వెళ్లాం. హాల్లో నవారు మంచం మీద డెబ్బయి దాటిన ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు కాశమ్మ, ఒకప్పుడు ఊరూరా తిరిగిన నాటకాల మనిషి. పక్కన పట్టుచీర, జడలో మూర మల్లెపూలతో ఇంకో నలభై అయిదేళ్లావిడ అద్దంలో చూసుకుంటోంది.

"గామె ఎవరు సార్?" అని వీరస్వామి సుందరరావును అడిగాడు.

"హీరో అమ్మండీ. మీ కథలో అమ్మ లేదుగా? అమ్మ లేని ఫ్యామిలీ సినిమా ఆడవాళ్లు చూస్తారా? అందుకని నేనే రాసి కలిపాను."

"మరి మంచం మీద ఆమె?"

"అవ్వ. మీ అవ్వే."

"అవ్వంటే అమ్మనే గద సార్."

 సుందరరావుది గోదావరి జిల్లా. అక్కడ అవ్వ అంటే తలనెరిసిన ముసలమ్మ. మా తెలంగాణ పల్లెల్లో కన్నతల్లిని అవ్వ అంటారు. మూడు రికార్డు బుక్కులూ ఆయన ఆ ముసలమ్మనే ఊహించుకుంటూ చదివాడు. మరి అవ్వ హీరోతో 'నిన్ను తొమ్మిది నెలలు మోసిన' అన్నప్పుడైనా అనుమానం రాలేదా అని నేను అడిగితే ఆయన తల గోక్కున్నాడు.

"మతిమరుపు అనుకున్నానండీ! మనవణ్ని పట్టుకుని నేనే కన్నానంటుంది, ఎంత గొప్ప కామెడీ పట్టాడు ఈ మనిషి అని రాత్రంతా నవ్వాను. సినిమా ఒప్పుకున్నదే అందుకు."

ఒకటి ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఆయన అబద్ధం ఆడలేదు. వీరస్వామి భుజం మీద చేయి వేసి మెత్తగా చెప్పాడు. "తల్లి ఇలా మాట్లాడితే జనం తల్లి అనుకోరండీ. పనిమనిషి అనుకుంటారు. మతిలేని ముసలమ్మ అంటే ముద్దుగా ఉంటుంది. మీ మాట ఒక్కటీ మార్చను. 'మాటలు: వీరస్వామి' అని విడిగా కార్డు వేస్తాను. కాదంటే ఇప్పుడే చెప్పండి, వేరే రచయితను పిలిపించుకుంటాను."

వీరస్వామి నిర్మాత చంద్రయ్య వైపు తిరిగాడు. గోల్నాక మనిషి, మా తెలంగాణవాడే, అవ్వ అంటే తెలియనివాడు కాదు. "నువ్వన్న చెప్పన్నా. మీ ఇంట్ల అవ్వను ఏమని పిలుస్తవ్?"

చంద్రయ్య ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటూ అన్నాడు. "అవ్వనే తమ్మీ. అచ్చం గిట్లనే మాట్లాడ్తది. గందుకే ఆమెను ఫంక్షన్లకు తీస్కపోను."

నాకు ఆ ఇడ్లీ పళ్లెం ఆయన తలమీద బోర్లించాలనిపించింది. బోర్లించలేదు, ఎందుకంటే మధ్యాహ్నం భోజనం కూడా వాళ్లదే. ఆ మాట చెప్పటానికి సిగ్గుపడుతున్నాను.

వీరస్వామి పెరట్లోకి వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాడు. 'వద్దంటే సినిమా మొత్తం పోతది, ఊ అంటే అవ్వ పోతది' అన్నాడు నాతో. అంతలో కాశమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని మా దగ్గరకు వచ్చింది.

"ఏం బిడ్డా, గీ మాటలన్ని నువ్వే రాసినవా?"

"రాసిన. గని మీరు తల్లి గాదంట. ముసలామెనంట, మతిలేదంట."

కాశమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాది మెదక్ దిక్కు. అవ్వంటే ఏందో నాకు ఎరుక లేదా? యాబై ఏండ్లు నాటకాలేసిన. గీ భాషకు దాసీ వేషమే ఇచ్చిన్రు, పూలమ్మేదాన్ని జేసిన్రు. ఒక్కనాడు తల్లిని జెయ్యలే. నీ పుస్తకం సదివి ఇనిపిస్తే, ఇగ నా దశ దిరిగిందనుకున్న. వాళ్లు ఏమన్న అనుకోనీ. నేనైతే తల్లి లెక్కనే చేస్త."

 వీరస్వామి లేచి లోపలికి వెళ్లి సుందరరావుతో సరేనన్నాడు. ఎందుకు ఒప్పుకున్నావురా అని నేను దారంతా తిట్టాను. అతను తిరిగి తిట్టలేదు. తన పేరు తెరమీద చూసుకోవాలని ఉందని ఒక్కసారి మాత్రం అన్నాడు. తప్పా? ఏడేళ్లుగా ఒక డాక్టరేటు కోసం కప్పల పేగులు కొలుస్తున్నవాణ్ని, నేను చెప్పగలనా?

ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేకపోయాడు. రోజూ చెప్పాలనుకుని ఇంటికి పోవటం, లింగమ్మ 'హీరో తల్లి సీను ఇయ్యాల ఎంతదాక అయింది?' అని అడగటం, ఇతను 'మంచిగనే అయితుంది' అనటం. ఆర్నెల్లు అదే తంతు.

విడుదలైన రోజు తార్నాకలో మ్యాట్నీకి ముగ్గురం వెళ్లాం. లింగమ్మ పెట్టెలో ఉన్న ఒకే ఒక్క పసుపు చీర కట్టుకుంది.  తెరమీద 'మాటలు: వీరస్వామి' అని పడగానే, "అవ్వా, గదే నా పేరు" అన్నాడు. ఆమెకు చదువు రాదు కానీ ఆ కార్డు పోయేదాకా రెప్ప వేయలేదు.

కాశమ్మ కనిపించింది. మొదటి మాటకే హాలు ఘొల్లుమంది. 'వీన్ని కన్ననాడు ఒకటే వాన' అనగానే హీరో పక్కకు తిరిగి, 'అవ్వకు మళ్లీ మొదలైంది' అని కన్నుగీటాడు. ఆ ముక్క వీరస్వామి రాసింది కాదు. ఈలలు. నా ముందు వరసలో ఒకడు కుర్చీ చేతులు చరిచి చరిచి నవ్వాడు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. మల్లెపూలావిడ వచ్చి 'బాబూ, భోజనానికి రా నాన్నా' అన్నప్పుడు మాత్రం హాలంతా నిశ్శబ్దంగా, గౌరవంగా కూర్చుంది. వీరస్వామి సీట్లో కిందికి కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆనించుకుని ఉండిపోయాడు. లింగమ్మ మూడు గంటల్లో ఒక్కసారి కూడా నవ్వలేదు.

చివర్లో హీరో ఇంట్లోంచి పోతుంటే కాశమ్మ గుమ్మం పట్టుకుని అంది. "నిన్ను మోసిన కడుపురా ఇది. ఎవరి మీద కోపమొచ్చినా పో. ఆకలైతే మాత్రం నా తానికే రా." అలవాటుగా హాలు నవ్వబోయింది. ఆ ముసలామె ముఖం చూసి సగంలో ఆగిపోయింది.

బయటికి వచ్చి చౌరస్తాలో ఆటో కోసం నిలబడ్డాం. వీరస్వామి క్షమించమని అడగటానికి మాటలు కూడదీసుకుంటున్నాడు.  లింగమ్మే ముందు మాట్లాడింది.

"మంచిగ తీసిన్రు బిడ్డా. అవ్వ మంచిగ చేసింది. గని పాపం, మూలకున్న మొగనికంటె ఎంత పెద్దగ కనవడ్తున్నది. ఆయన నీడపట్టున కూసున్నడు, గట్లనే ఉన్నడు. కష్టంజేసిన ఆడిది జల్ది ముసల్దైతది."

వీరస్వామి నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

"కన్నకొడుకును కన్నకొడుకే అన్నది. దానికి అందరు గట్ల నవ్వుడేంది? మతి ఆమెకు లేదా, వాళ్లకు లేదా?" లింగమ్మకు కోపం ఇంకా దిగలేదు. "అది గాదురా, గా మల్లెపూలామె ఎవరు? ఊకె నడుమల వచ్చి పిల్లగాన్ని నాన్నా నాన్నా అంటది. బాపు రెండోదాన్ని తెచ్చుకున్నడా?"

వీరస్వామి చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"ఔనవ్వా" అన్నాడు. "రెండోదే. ఆమెకు నేను ఒక్క మాట గూడ రాయలే."