సరోజినిగారి కరివేపాకు మొక్క

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మా వీధిలో కరివేపాకు మొక్క ఉన్నది డాక్టరుగారి భార్య సరోజినిగారింట్లోనే. కుండీలో, ఎండొచ్చే కిటికీ దగ్గర దానికి కొత్తల్లుడి మర్యాదలు. చారులోకి అడిగితే నాలుగంటే నాలుగాకులు ఇచ్చేది, అదీ కిడ్నీ దానం చేస్తున్నంత బాధగా.

ఓ జనవరిలో ఇండియా వెళ్తూ ఇంటి తాళంచెవి నాకిచ్చింది. "వారానికోసారి వాటర్ చెయ్యి రాధా. ఆకు మాత్రం తుంచకు, నాకు తెలిసిపోతుంది."

వారం తర్వాత వెళ్తే ఇల్లు ఐసుపెట్టెలా ఉంది. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఆదా అవుతుందని డాక్టరుగారు హీట్ బాగా తగ్గించి పోయారు. ఆకులన్నీ కార్పెట్ మీద రాలిపోయి, కుండీలో పుల్ల మిగిలింది. నింద నామీదే పడుతుందనిపించింది. అయినా పారేయడానికి చేతులు రాక, ఆకులు ఏరుకొచ్చి పొడి కొట్టాను.

వాళ్ళు తిరిగొచ్చిన పూట, తమ ఇంటి తాళం తియ్యకముందే మా ఇంట్లో టిఫిను. సరోజినిగారు ఇడ్లీకి పొడి అద్దుకుని లొట్టలేసింది.

"అబ్బ, ఇంత కరివేపాకు నీకెక్కడ దొరికింది?"

"మీ లివింగ్ రూమ్ కార్పెట్ మీదండీ. అంకుల్‌గారు హీట్ తగ్గించి వెళ్ళారుగా!"

ఆవిడ ఇడ్లీ కింద పెట్టి డాక్టరుగారి వైపు తిరిగింది. డాక్టరుగారు తలెత్తలేదు.

ఆర్నెల్లు నాతో మాట్లాడలేదావిడ. కానీ తన కరివేపాకు తను కడుపారా తిన్నది మాత్రం ఆ ఒక్కపూటే.