నురగ లేచిన వైన్

ఇరవై రెండేళ్ల వయసులో లోకంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అంత జ్ఞానం తర్వాత ఎక్కడికి పోయిందో ఇప్పటికీ అర్థం కాదు. హోటల్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పట్టుకుని, విజయనగరంలో కొత్తగా తెరిచిన ఒక బార్ రెస్టారెంట్‌లో స్టీవార్డుగా చేరాను. ముప్పయ్యేళ్లు రకరకాల హోటళ్లలో వడ్డించి వచ్చిన పెద్దాయన ఒకాయన అక్కడ ఉండేవాడు. అందరం మావ అనేవాళ్లం. గాజు సామాను కడిగే పనీ ఆయనదే. నాలుగు ప్లేట్లు ఒకే చేతి మీద మోయడం నాకు నేర్పింది ఆయనే (ఈ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు).

ఒకనాడు యజమాని డికాంటర్ కొనుక్కొచ్చాడు. సన్నటి మెడ, వెడల్పాటి అడుగు ఉన్న గాజు కూజా అది. మావ దాన్ని తిప్పి చూసి, "సీసాలో ఉన్నదాన్ని మళ్లీ దీన్లో పొయ్యడమేటి అల్లుడూ?" అన్నాడు.

"పాత వైన్‌కి గాలి తగలాలి. మడ్డి సీసాలోనే ఉండిపోవాలి. నీకు అర్థం కాదులే, దీన్ని ముట్టుకోకు," అన్నాను, వంటవాళ్లందరికీ వినపడేలా. ఆయన చేతులు తుడుచుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఆ ఆదివారం యజమాని శ్రీకాకుళం నుంచి తన బావగారిని భోజనానికి పిలిచాడు. రెండో హోటల్‌లో ఆయన్ని భాగస్వామిగా చేర్చుకోవాలని ఆశ. డికాంటర్ నేనే కడిగాను. మెడలోకి వేళ్లు దూరకపోతే సబ్బునీళ్లు పోసి ఊపి, హడావిడిలో ఒక్కసారి మంచినీళ్లతో తొలిపి వదిలేశాను. తర్వాత వాళ్ల ముందు నిలబడి, పూజ చేస్తున్నంత శ్రద్ధగా వైన్‌ని సీసాలోంచి దాన్లోకి, దాన్లోంచి గ్లాసుల్లోకి వంచాను.

బావగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "సబ్బు వాసనొస్తన్నాదేటి?"

"అది పాత వైన్ పరిమళమండీ. అందరికీ పట్టుబడదు," అన్నాను.

ఆయన సిగ్గుపడి ఒక గుక్క మింగి తలూపారు. చూసి యజమానీ తలూపాడు. నాకు ఉత్సాహం ఆగక, గ్లాసు ఇంకాస్త గట్టిగా తిప్పమన్నాను. అంచుదాకా తెల్లటి నురగ లేచింది.

బావగారు గ్లాసు కింద పెట్టేశారు. "తానం పొద్దున్నే అయిపోనాది బావా," అన్నారు.

"ఎవరు కడిగారిది?" అన్నాడు యజమాని. నా చూపు వంటగది గుమ్మంలో ఉన్న మావ వైపు పోయింది. యజమానీ అటే చూశాడు.

"కడిగినట్టు గుర్తు నేదు బాబూ," అన్నాడు మావ. "అయినా కడిగీవోణ్ణి నానే కదా."

సాయంత్రానికి ఆయన పని పోయింది.

నాలుగేళ్ల తర్వాత ఆయన గజపతినగరంలో ఇడ్లీల బండి పెట్టుకున్నాడని విని వెళ్లాను. నిజం చెప్పేద్దామని బస్సులో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. మావ నన్ను గుర్తుపట్టి ప్లేటు చేతికిచ్చి, నేను నోరు తెరిచేలోగా తనే గొంతు తగ్గించాడు.

"నా మీద కోపం నేదు కదా అల్లుడూ? ఆ కూజా సరిగ్గా కడక్క, పెద్దోళ్ల ముందర నీకు మాటొచ్చీలా సేసినాను."

"లేదులే మావా," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. ఇంకో రెండు ఇడ్లీలు వేశాడు. ఇప్పుడు నేను హోటల్ కోర్సు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నురగ కథ చెబితే క్లాసంతా నవ్వుతుంది. వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను. ఆ ఇడ్లీల దాకా మాత్రం ఎప్పుడూ చెప్పను.