వెనక వైపు ముప్పై అడుగులు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రెటరీ భాయ్ నంబరు నుంచి మెసేజ్ వచ్చినప్పుడు నేను లాడ్జి రిసెప్షన్‌లో డ్యూటీలో ఉన్నాను. చదవలేదు. ఆ నంబరు నుంచి వచ్చేవన్నీ రూల్సే. మెట్ల మీద చెప్పులు ఎవరివి, ట్యాంకు నిండి కారుతుంటే మోటరు ఎవరు ఆపలేదు, దర్శనానికి వచ్చిన చుట్టాల కారు ఎవరి జాగాలో పెట్టించారు. రెండు రోజుల ముందు ఛాతీ నొప్పని ఆసుపత్రిలో చేరిన మనిషి, అక్కడ పడుకుని కూడా మొదలుపెట్టారే అని విసుక్కుని ఫోను బోర్లా పెట్టాను. గంట తర్వాత టీ తాగుతూ తెరిచాను. రాసింది ఆయన అల్లుడు. మామగారు పొద్దున పోయారు, సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి, అని.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు. భయం. ఇకమీద సాయంత్రాలు నాతో ఎవరు మాట్లాడతారు అన్నదే నా మొదటి ఆలోచన.

ఆ మాట అర్థం కావాలంటే మా బిల్డింగు గురించి చెప్పాలి. అలిపిరికి పోయే దారిలో, కొండకు బాగా దగ్గరగా ఉన్న కాలనీ మాది. నాలుగు అంతస్తులు, పన్నెండు ఇళ్లు. కార్లు ముందు వైపు, బళ్లు వెనక వైపు. వెనక ప్రహరీ గోడ, గోడ అవతల తుప్పలు, తుప్పల అవతల కొండ. స్కూటర్ పెట్టి మెట్ల తలుపు దాకా రావాలంటే ముప్పై అడుగులు. లెక్కపెట్టాను. పిరికివాళ్లకు ఇలాంటి లెక్కలు బాగా వస్తాయి. నా డ్యూటీ ఆరింటికి అయిపోతుంది, ఇంటికి చేరేసరికి మసక చీకటి. మా ఆయనది ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. ఆ ముప్పై అడుగులు రోజూ నేను ఒక్కదాన్నే నడవాలి.

సెక్రెటరీ భాయ్ టైలరు. ఊళ్లో స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు నలభై ఏళ్లు నడిపి, కళ్లు మందగించాక మూసేశారు. టేపు మాత్రం మెడలోంచి తీయలేదు. బళ్ల జాగాలకు గీతలు గీసినప్పుడు కూడా ఆ టేపుతోనే కొలిచారు, నడుం కొలత తీసినంత శ్రద్ధగా. కింద బోర్డు మీద పన్నెండు రూల్స్ స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసి పెట్టారు. అన్నీ నాకు చిరాకే గానీ రెండింటికి మరీ ఒళ్లు మండేది. ఏడోది, వెనక బాల్కనీ కమ్మీల మీద బట్టలు ఆరేయరాదు. తొమ్మిదోది, ఆరు దాటిన తర్వాత వెనక వైపు పోయేవారు మాట్లాడుతూ పోవలెను, ఒంటరిగా ఉన్నవారు పైకి పిలవవలెను.

తొమ్మిదోది ఎందుకని మీటింగులో అడిగితే "పాములుండాయి" అన్నారు.

"పాముకు చెవులుండవు గదా భాయ్" అన్నారెవరో.

"మీకుండాయి గదప్పా" అన్నారాయన. అందరూ నవ్వారు, రూలు పాసైపోయింది.

నేను ఊరుకోలేదు. "ఇది అపార్ట్‌మెంటా, హాస్టలా?" అని లేచాను.

"హాస్టల్లో వార్డెన్‌కి జీతం ఉంటాది మా" అన్నారు, అద్దాలు తుడుచుకుంటూ. నేను కూర్చున్నాను.

కానీ ఆ తొమ్మిదో రూలు ఎక్కువగా వాడుకున్నది నేనే. బండి శబ్దం వినబడగానే రెండో అంతస్తు బాల్కనీలో ఆయన లేచి నిలబడేవారు. "వచ్చినావా మా? ఏం కూర ఈ పొద్దు?" నేను వంకాయనో బీరకాయనో చెప్పేదాన్ని. పులుసా వేపుడా, పాప అన్నం తినిందా, లాడ్జిలో అరవమోళ్లు ఎక్కువుండారా. ప్రశ్న మీద ప్రశ్న, ముప్పై అడుగులకు సరిపోయేంత. మెట్ల తలుపు చేరాక చివరి ప్రశ్న, "తలుపేసినావా?" వేశానంటే "సరే, పో". నాకే కాదు, వెనక వైపు దిగిన ప్రతివాళ్లకూ ఇదే వరస. చాదస్తం అనుకుంటూనే జవాబులు చెప్పేవాళ్లం.

ఏడో రూలు దగ్గర మాత్రం మా ఇద్దరికీ పేచీ. ఆయన ఇంటికి సరిగ్గా పైన, మూడో అంతస్తు నాది. నా చీర కమ్మీ మీద ఆరేస్తే ఆయన బాల్కనీకి తెర కట్టినట్టే. ఎన్నిసార్లు చెప్పినా ఆరేసేదాన్ని. నా ఇల్లు, నా కమ్మీ, నా చీర. మిద్దె మీదికి మోసుకుపోవడానికి బద్ధకం కూడా.

పోయిన చలికాలం, నాకు సెలవు రోజు. వెంకటగిరి నూలు చీర ఉతికి కమ్మీ మీద వేసి వంటింట్లో ఉన్నాను. మా పాప వెనక వైపు సైకిలు తొక్కుతోంది. చీకటి పడబోతోంది. ఆయన పాపతో మాట్లాడుతున్న మాటలు చీర అవతల నుంచి వినబడుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి మాట ఆగింది. నా చీర సర్రున కిందికి పోయింది. ఎవరో గుంజినట్టు. ఈ రోజు ఈయన సంగతి తేల్చేస్తానని గరిటె చేత్తోనే బాల్కనీలోకి వచ్చాను.

గోడ మీద చిరుత కూర్చుని ఉంది. తోక గోడకు ఇవతల వేలాడుతోంది. దానికి వీపు చూపించి, పదడుగుల దూరంలో నా కూతురు గొంతుక్కూర్చుని సైకిలు చైను వేసుకుంటోంది.

నా గొంతు లేవలేదు. కన్నతల్లిని, అరవలేకపోయాను. ఆయన గొంతు మాత్రం ఇందాక ఎలా ఉందో అలాగే ఉంది.

"పాపా, ఆ చైను నేను రేపు ఏస్తాలే. సైకిలు ఆడనే ఇడిసిపెట్టి లెయ్. మీటర్ల రూంలోకి పో. పరిగెత్తొద్దు. నాకు సెవెంత్ టేబుల్ సెప్తా పో, ఇంటా."

ఆ గొంతు చెప్పినట్టు నడవడం దానికి అలవాటు. లేచింది. సెవెన్ వన్ ఆర్ సెవెన్ అంటూ నడిచింది. చిరుత తల తిప్పి చూస్తోంది. సెవెన్ సిక్స్ ఆర్ ఫార్టీ, అంది పాప.

"ఫార్టీ టూ మా. మళ్లా సెప్పు."

ఫార్టీ టూ అంది. సెవెన్ ఎయిట్ దగ్గర మీటర్ల రూం తలుపు పడింది. "గొళ్లెం ఏసినావా?" వేశాను తాతా, అని లోపలి నుంచి సన్నగా వినబడింది. అప్పుడు అరిచారు ఆయన. అప్పుడు పళ్లేలు, గిన్నెలు, నాలుగు అంతస్తులూ మోగాయి. చిరుత తొందరేమీ పడకుండా గోడ అవతలికి దిగిపోయింది.

పాపను ఎత్తుకుని పైకి వస్తుంటే రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లేవలేకపోయారు. "కుక్కలు అరిస్తే దొంగ మా. అరవకుండా ఉంటే పులి" అన్నారు. "కుక్కలు సప్పుడు సెయ్యకుండా ఉండాయి. గోడ సూద్దామంటే నీ చీర అడ్డం. కండ్లు కనపడనోడి మాదిరి మాట్లాడతా ఉన్నా."

రెండు రోజులకు చీర మడత పెట్టి తెచ్చిచ్చారు. కమ్మీకి తగిలి జానెడు చినిగిందట, రఫ్ఫు చేశారట. ఆ కళ్లతో ఎలా చేశారో, వెలుతురుకు పట్టి వెతికితే తప్ప ఆ కుట్టు కనబడదు. చీర చేతిలో పట్టుకుని అప్పుడు అడిగాను, మీకు ముందే తెలుసా అని. తెలుసన్నారు. ఏడాది కిందటే గోడ పక్కన సిమెంటు దుమ్ములో పాదాల గుర్తులు చూశారట. ఫారెస్టు వాళ్లను పిలిస్తే వచ్చి చూసి, లైట్లు వేయండి, శబ్దం చేస్తూ తిరగండి అని చెప్పి పోయారట. ఆయన పాములని చెప్పి రూలు పెట్టేశారు.

"ఎందుకో చెప్పి ఉంటే చీర ఆరేసేదాన్నా?" అన్నాను. నా గొంతు గట్టిగానే లేచింది.

"సెప్తే భయపడతావని. నువ్వు అసలే భయస్తురాలివి. రూలంటే కోపం వస్తాది. కోపం పర్వాలేదనుకున్నా." మెడలో టేపు సర్దుకుని, "తప్పే" అన్నారు.

తప్పే. ఆయన పోయినా ఆ మాట మార్చను. పిల్లలున్న ఇళ్లలో ఆ సంగతి దాచకూడదు. మర్నాడే తొమ్మిదో రూలు పక్కన ఎర్ర స్కెచ్‌తో "చిరుత" అని ఆయనే రాశారు. రెండు కుటుంబాలు ఇల్లు ఖాళీ చేసి పోయాయి. మాకు పోయే వీలు లేక ఉండిపోయాం. అప్పటి నుంచి ఏ బాల్కనీ కమ్మీ మీదా గుడ్డపీలిక కూడా పడలేదు. ఆయన మాత్రం సాయంత్రం ఐదున్నర నుంచి చివరి బండి వచ్చేదాకా బాల్కనీలోనే. పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజు కూడా అక్కడే చాప వేసుకుని చేసేవారు, ఆ కాసేపు మా పాప గోడను చూస్తూ నిలబడేది.

మట్టి అయిన నాలుగో రోజు డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చి బండి స్టాండు వేశాను. హెడ్‌లైటు ఆరిపోయింది. కుక్కలు గోడ పక్కన పడుకుని ఉన్నాయి. అరవడం లేదు. పడుకున్న కుక్కలు ఎందుకు అరుస్తాయి అని నాకు నేను చెప్పుకున్నాను. అడుగు పడలేదు. పైకి చూశాను. కమ్మీలన్నీ ఖాళీగా ఉన్నాయి. రెండో అంతస్తు బాల్కనీ తలుపుకు తెర దించి ఉంది. ఆయన భార్య, మేమంతా ఆపా అని పిలిచే మనిషి, భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్నారు. నాలుగు నెలల పది రోజులు బాల్కనీలోకి కూడా రారు. ఎవరిని పిలవను? ఎలా పిలవను?

తెర వెనక నుంచి గొంతు వినబడింది. ఎన్నేళ్లుగానో కింద పైన ఉంటున్నాం, ఆ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"వచ్చినావా మా? ఏం కూర ఈ పొద్దు?"

"బీరకాయ ఆపా" అన్నాను. అడుగు పడింది.

"పాలు పోసి సెయ్. పాపకి దగ్గు తగ్గిందా?" ఒక్కో ప్రశ్నకూ మధ్య ఆమె ఊపిరి పీల్చుకోవడం వినబడుతోంది. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతు. జవాబులు చెబుతూ నడిచాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.

"తలుపేసినావా?"

"వేశాను ఆపా."

"సరే, పో."

ఇల్లు చేరి బాల్కనీలోకి వెళ్లాను. భయం తగ్గిందని చెప్పను, అబద్ధమవుతుంది. కింద ఇంకో బండి వచ్చి ఆగింది, మొదటి అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి. నా కాళ్ల కింది నుంచి ఆపా గొంతు మళ్లీ మొదలైంది, ఏం కూర మా అని. అప్పుడు తట్టింది నాకు, ఆ తెర వెనక నుంచి ఆమెకు గోడ కనబడదు.

నాకు కనబడుతుంది. ఖాళీ కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, ఆ అమ్మాయి తలుపు వేసుకునేదాకా గోడ మీదినుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాను.