బాపు మర్యాద నేర్చిన రోజు

మా బాపు నోటికి జడిసి చుట్టాలు మా ఇంటికి భోజనాల వేళ రావడం మానేశారు. ఎవరైనా కొత్త చీర కట్టుకొస్తే "రంగు నప్పలే" అంటాడు. కూర ఎట్లుందని అడిగితే చెప్పేస్తాడు. అడగనివాళ్లకు కూడా చెప్తాడు, అదీ మా ఖర్మ.

ఆ తప్పంతా ఆయన చేసిన డ్యూటీదే అంటాను నేను. గోదావరిఖనిలో భూమి లోపలి గనిలో, షిఫ్టు వాళ్లు అడుగు పెట్టకముందే ఈయన ముందు పోయి ఇనుప రాడ్డుతో పైకప్పును తట్టి వినేవాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే కూలేది. పక్కన ఎంత పెద్ద సారున్నా "కూలుతది, ఎవ్వలు రావద్దు" అనేవాడట. ఆ మాటకు ముందొక నమస్కారం, వెనకొక క్షమాపణ ఉండవు. "ఆడ మొగమాటపడితె పీనుగులే బయటికొస్తయి బిడ్డా" అనేవాడు నాతో.

రిటైరయ్యాక పొద్దుపోక ఫోన్‌లో ఒక జానపదాల గుంపులో చేరాడు. పాడేవాళ్లు తమ పాటలు పెడతారు, మిగతావాళ్లు కింద అభిప్రాయాలు రాస్తారు. అభిప్రాయాలంటే ఏమున్నాయి, "అద్భుతం అమ్మా", "మీ గొంతులో తేనె ఉంది", ఇన్ని పూలు, ఇన్ని చప్పట్లు. పాట ఎట్లున్నా అవే పూలు. బాపుకు అక్షరాలు కొట్టడం రాదు. ఆయన చెప్తే నేను కొట్టేదాన్ని.

"శ్రుతి పోయింది, మళ్ల పాడు. గిట్లనే కొట్టు."

"జర మంచిగ చెప్పరాదు బాపు? మీ ప్రయత్నం బాగున్నది అని షురూ చేద్దాం."

"బాగుంటె శ్రుతెందుకు పోతది?"

నేను మాత్రం ఊరుకుంటానా! చివర్న ఒక దండం బొమ్మ తగిలించేదాన్ని. పంపే ముందు కళ్లద్దాలు సర్దుకుని చూసి "అది తియ్యి" అనేవాడు. ఆ బొమ్మ కాడ మా ఇద్దరికీ రోజూ లడాయే.

ఆ గుంపులో నస్పూర్ నుంచి ఒకామె ఉండేది. గని కార్మికుని భార్య, ఆయన పోయి చాలా కాలమైంది. నాట్లేసేటప్పుడు పాడే పాటలు పాడేది. ఆమె పాటకు బాపు ఎన్నడూ వంక పెట్టలేదు. ఆయన దగ్గర అంతకు మించిన సన్మానం లేదు. ఒకరోజు ఆమె కొత్త పాట వింటూ మధ్యలో ఆపమన్నాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టమని కళ్లు మూసుకున్నాడు.

"కొట్టు. చెల్లె, నీ పాట మంచిగనే ఉన్నది, నీ దమ్మే బాగలేదు. చరణం నడుమ ఊపిరి తెగుతున్నది. లోపల డొల్ల పలుకుతున్నది. జల్ది దవాఖానకు పో."

"నలుగుట్ల ఆడమనిషిని గట్లంటరా బాపు?" అన్నాను.

"ఏం, నలుగురున్నరని నిజం ఆగుతదా?" అన్నాడు. కొట్టాను.

ఇంకేముంది, అందరూ ఆయన మీద పడ్డారు. సంస్కారం లేదన్నారు, అపశకునం పలికాడన్నారు. గుంపు పెద్ద "అన్యథా భావించవద్దు" అని మొదలుపెట్టి, బాపు వయసును, అనుభవాన్ని ఎంతో పొగిడి, చివరికి ఆయన్ను గుంపులోంచి తీసేశాడు. అంత మర్యాదగా మెడపట్టి గెంటడం నేనెక్కడా చూడలేదు. ఆ సాయంత్రం బాపు ఛాయ్ ముట్టలేదు. నాకు ఆ గుంపు మీద ఒళ్లు మండింది.

కొన్ని వారాలకు ఆమే ఫోన్ చేసింది. "అన్నా, మీ మీద మస్తు కోపమొచ్చింది. మీది అబద్ధమని చూపియ్యాలనే దవాఖానకు పోయిన. ఊపిరితిత్తులల్ల గడ్డ ఉన్నదట" అంది.

బాపు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. తాను చెప్పింది నిజమైనందుకు అంత బాధపడ్డ మనిషిని నేను చూడలేదు.

వైద్యం మొదలైంది. దవాఖాన నుంచి వచ్చినప్పుడల్లా ఆమె ఒక పాట ముక్క పాడి పంపి "ఎట్లున్నదన్నా?" అని అడిగేది. బాపు కళ్లు మూసుకుని విని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. "మొన్నటికన్న నయం." "ఇయ్యాల దమ్ము తగ్గింది, తింటలేవా?" డాక్టర్లు ఏమన్నా ఆమె ఈ మాట కోసమే చూసేది. "అందరు మంచిగున్నవనే అంటరన్నా. పిల్లలు సుత గంతే. నాకు నిజం చెప్పేది నువ్వొక్కనివే" అనేది. అప్పుడు బాపు ముఖంలో కనిపించే తృప్తి చూసి నాకు ఆ గుంపు మీద కోపం కూడా పోయింది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం మళ్లీ పాట వచ్చింది. పల్లవి వరకే ఉంది. మాట మాటకూ మధ్య ఊపిరి గీసుకుంటూ వినిపించింది. నాకే అర్థమైంది, ఇక బాపుకు చెప్పాలా! ఆయన కళ్లు తెరిచి నావైపు చూడకుండా, దండెం మీద ఆరేసిన బట్టలు చూస్తూ కూర్చున్నాడు.

"ఏమని కొట్టాలె బాపు?"

మళ్లీ అడిగాను.

"మంచిగ పాడినవు చెల్లె అని కొట్టు."

"ఇంకా?"

"గంతే."

ఏం అడగాలో తెలియక, "దండం బొమ్మ పెట్టాల్నా?" అన్నాను.

"పెట్టు" అన్నాడు.

పెట్టి పంపాను. కొంచెం సేపటికి ఆమె గొంతు వచ్చింది, ఆగి ఆగి.

"నువ్వు సుత గట్లనే అన్నవా అన్నా? సరే తియ్యి. పిల్లలను రమ్మని చెప్త."