సినిమాలో హంతకుడు, మా కేసులో దాహమైన మనిషి

బోధన్ దగ్గరి ఆ కేసులో నేరస్థుణ్ని కుండపోత వానలో, చెరకు తోటలో తరిమి పట్టుకున్నారని ఇప్పుడు నిజామాబాద్‌లో అందరూ చెబుతున్నారు. అబద్ధం. చెరకు నరికేది చలికాలంలో, అప్పుడు వాన ఎక్కడిది? ఇక పరుగంటారా, మా ఎస్సై జీపు దిగడానికే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

ఇదంతా అవార్డులు తెచ్చుకున్న ఆ సినిమా పుణ్యం. ‘నిజంగా జరిగిన కథ’ అని మొదట్లోనే వేశారు. నా పాత్ర వేసిన అమ్మాయి ఎత్తుమడమల చెప్పులతో వచ్చి, వేలిముద్రల పౌడర్‌ను నోటితో ఉఫ్‌మని ఊదింది. మేము అలా ఊదితే కోర్టుకు చేరేది మా ఉమ్మి. నేను గట్టిగానే నవ్వాను. పక్కనున్న మా చెల్లెలు, “అక్కా, జర సప్పుడు జేయకు, ఎన్కలోళ్లు తిడ్తుండ్రు” అని నా మోచెయ్యి గిల్లింది.

జరిగింది చెబుతాను. అప్పుడు నేను జిల్లా వేలిముద్రల విభాగంలో సబ్-ఇన్‌స్పెక్టర్‌ని. హోదా పోలీసుదే గానీ మా చేతిలో లాఠీ ఉండదు, బ్రష్ ఉంటుంది. చెరకు కోతలు సాగుతున్న రోజుల్లో ఒక ఊరి నుంచి కబురొచ్చింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ రైతు ఇంట్లో, బీరువాలోని నగలు పోయాయి.

నేను వెళ్లేసరికి బీరువా అద్దంలా మెరుస్తోంది. ఇల్లాలు తడిగుడ్డతో తుడిచి, తలుపుకు పసుపు బొట్లు కూడా పెట్టింది. ఎందుకమ్మా అంటే, “పోలీసోళ్లు వస్తున్నారు కదండీ, ఇల్లు అలా దుమ్ముకొట్టుకుని ఉంటే ఏమనుకుంటారు?” అంది. నేరస్థలాన్ని ముట్టుకోకూడదని స్టేషన్ ఎస్సై చెప్పలేదా అని అడుగుదామని చూస్తే, ఆమె కడిగిచ్చిన గ్లాసులోనే ఆయన టీ తాగుతున్నాడు.

ఎస్సై దగ్గర అప్పటికే దొంగ తయారుగా ఉన్నాడు. నాందేడ్ వైపు నుంచి వచ్చిన చెరకు కోత కూలీ. నగలు పోయిన రోజు ఆ ఇంట్లో మంచినీళ్లు అడిగి తాగాడు. ఇల్లాలు శుభ్రం చేయనిది అతను తాగిన చెంబు ఒక్కటే. దాని మీద పౌడర్ అద్ది, టేపుతో ముద్రలెత్తి, స్టేషన్లో తీసిన అతని వేలిముద్రలతో భూతద్దం కింద పోల్చి చూశాను. అతనివే.

“ఆని వేలు దొరికింది గదా మేడమ్, ఇంకేం గావాలె?” అన్నాడు ఎస్సై.

“నీళ్లు తాగినోని వేలు చెంబు మీద గాక మీ టోపీ మీద ఉంటదా?” అన్నాను.

కూలీ భార్య ఆ ఇంటి గేటు దగ్గరే కూర్చుని ఉంది. “దాహమైంది, పాణి తాగిండు. గదే తప్పా?” అని వచ్చేపోయే ప్రతివాళ్లనీ అడుగుతోంది. ఆ ఊళ్లో కోత అయిపోవచ్చింది. మొగుణ్ని స్టేషన్ నుంచి వదలకపోతే వాళ్ల ముఠా వీళ్లిద్దరినీ వదిలేసి ఇంకో ఊరికి బండ్లు కడుతుంది.

గుడ్డ తగలని చోటు కోసం వెతికి, లాకర్ సొరుగును పూర్తిగా బయటికి లాగాను. అడుగున ఒక బొటనవేలి ముద్ర దొరికింది. అది కూలీది కాదని అక్కడికక్కడే తేలింది. “అయితే ఆని దోస్తుదైతది” అన్నాడు ఎస్సై.

ఇలాంటప్పుడు ముందు ఇంట్లోవాళ్ల ముద్రలు తీసుకుని, వాటిని లెక్కలోంచి తీసేయాలి. అందరూ వేళ్లకు సిరా పూయించుకున్నారు. ఎవరివీ కలవలేదు. రైతు తండ్రి ఒక్కడే మంచం దిగలేదు. “నా వేలు ఓటుకి ఇస్తానమ్మా, దొంగల లెక్కలోకి ఇవ్వను” అన్నాడు.

“మీరిచ్చేదాకా ఆ మనిషి స్టేషన్లోనే ఉంటాడు. ఆమె గేటు దగ్గరే ఉంటుంది. నేను మీ మంచం దగ్గరే ఉంటాను” అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పెద్దాయన గేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆఖరికి గోడ వైపు తిరిగి చెప్పాడు. “గాదెలో ఉన్నాయి. కోత జనం దిగారు కదా అని దాచాను. మీరందరూ ఏడుపు మొదలెట్టాక చెప్పడానికి సిగ్గేసింది.”

“మావయ్యగారూ, నేను నిన్నట్నుంచీ అన్నం ముట్టలేదండీ!” అని కోడలు అరిచింది.

“నాకు పెట్టావు కదమ్మా” అన్నాడు.

ధాన్యం కిందనుంచి నగలు తీశారు. కూలీని వదిలారు. ఎస్సై నాతో మాట్లాడడం మానేశాడు, దానివల్ల నాకు నష్టమేమీ లేదు.

మనిషి దేన్ని తాకాడో వేలిముద్ర చెబుతుంది. ఎందుకు తాకాడో చెప్పదు, అది మనం వెళ్లి అడగాలి. ఆ కేసులో నేను నేర్చుకున్నది ఇంతే.

ఇదంతా సినిమావాళ్లకు మా ఇంట్లోనే, రెండుసార్లు టీ పోసి మరీ చెప్పాను. వాళ్లేమో దొంగతనమే జరగని చోట హత్యలు పెట్టారు. పెద్దాయనను దేవుడిలాంటి మనిషిని చేసి చంపారు. కూలీకి మొహం మీద గాటు పెట్టి, అతన్నే హంతకుణ్ని చేశారు. ఫోన్ చేసి అడిగితే, కథకు ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలన్నారు. ఉండనివ్వండి. నాకు అర్థం కానిది ఒక్కటే. ఊరంతా ముందుండగా ఎస్సైకి ఏ మనిషి దొంగగా కనిపించాడో, అసలు సంగతి మొత్తం విన్న తర్వాత కూడా ఈ దర్శకుడికి ఆ మనిషే ఎందుకు కనిపించాడు?